బోర్డు చాలని పేర్లు

"హంతకుడు వంటవాడట్రా," అంది అక్క.

అప్పుడే పని నుంచి వచ్చి, గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి రెండో బూటు లాక్కుంటున్న తమ్ముడికి తలా తోకా తెలియలేదు.

"ఏ వంటవాడు? ఎవర్ని చంపాడు?"

"అది తెలిస్తే నీ కోసం ఎందుకు కాచుకుని కూర్చుంటాను? ఎవర్ని చంపాడో తెలీదు, ఎందుకు చంపాడో తెలీదు, అసలా ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలీదు. మీట నొక్కానో లేదో పోలీసాయన గొంతు సవరించుకుని, 'కాబట్టి ఈ ఘోరం చేసింది మీ వంటవాడే' అన్నాడు. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. పుస్తకం సమాప్తం. మీ ఆఫీసు ఇచ్చింది నవలా, పోలీసు రిపోర్టా?"

"ముందుకీ వెనక్కీ నొక్కి చూశావా?"

"నొక్కానయ్యా. ముందుకి నొక్కినా వంటవాడే, వెనక్కి నొక్కినా వంటవాడే. పైగా పేరు కూడా సరిగ్గా చెప్పి చావదు. 'గడియారం నందు' అంటుంది, ఆగుతుంది. నందు ఏమిటే అంటే మళ్లీ మొదటి నుంచి 'వినండి' అని అందుకుంటుంది. వినకేం, చెవులు దానికే రాసిచ్చానుగా!"

అతను పెట్టె తీసుకుని తనూ నొక్కి చూశాడు. ఇరవై చిల్లర అధ్యాయాల నవలలో ఒక్క ముక్క మిగిలింది. అది కూడా ఆఖరిది. "రేపు చూస్తాలే," అన్నాడు. పేరు సగంలో ఆగిపోతోందన్న మాట ఒక చెవిన పడి రెండో చెవి నుంచి పోయింది. పోకుండా నిలబడి ఉంటే వారం రోజుల తలనొప్పి తప్పేది.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. సబ్బు పెట్టె కంటే కాస్త పెద్దది. పైన నాలుగు మీటలు, పక్కన ఒక చిన్న కార్డు దూర్చే సందు. కార్డులో ఏ ఫైలుంటే ఆ ఫైలు పేరు గట్టిగా చదువుతుంది, తర్వాత దాన్ని వినిపిస్తుంది. అంతకు మించి దానికి ఏ విద్యా రాదు, నేర్పడానికీ వీల్లేదు. అక్క కళ్లున్నన్నాళ్లూ ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. నలభై దాటాక చూపు మసకబారి, మెల్లమెల్లగా పూర్తిగా పోయింది. పుస్తకం చేతికందగానే ముందు విషయసూచిక చదవడం ఆమెకి చిన్ననాటి అలవాటు. ఇప్పుడా విషయసూచిక పెట్టె నోట్లో ఉంది. కొత్త కార్డు రాగానే ఏ అధ్యాయమూ వినదు; ముందుకి మీట నొక్కుకుంటూ పేర్లన్నీ ఒక వరస విని, "ఊఁ, బాగానే ఉండేట్టుంది," అనుకుని, అప్పుడు మొదటికి వస్తుంది.

తమ్ముడు పనిచేసేది ఆ కార్డులు తయారుచేసే చోటే. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి, రికార్డు చేసి పంచే చిన్న సంస్థ అది. టైర్ల దుకాణం వెనక రెండంతస్తుల ఇల్లు. కింద, గోడలకి పాత పరుపులు కొట్టిన రికార్డింగు గది. పైన ఆఫీసు. మెట్ల కింద అరలో, ఫైళ్లన్నీ దాచి కార్డులకి ఎక్కించే, తేనెపట్టులా రొద చేసే సర్వరు. రికార్డింగు గదిలో ఉన్న కంప్యూటరు మ్యాక్, ఆఫీసు బల్లల మీద ఉన్నవి విండోస్, మెట్ల కింద ఉన్నది లినక్స్. ముగ్గురూ మూడు ఇళ్ల పిల్లలు. ఒకరి మర్యాదలు ఒకరికి పట్టవు. ఈ మూడింటి మధ్యా పుస్తకాలని నడిపించే ప్రోగ్రాం రాసిందీ, దానికి కాపలా కాసేదీ అతనే. ఆఫీసులో అతన్ని చాదస్తం సారు అంటారు. ఎదురుగా సారు, వెనక ఉత్త చాదస్తం. మనం రెండూ కలిపే అందాం.

ఆ చాదస్తం పుట్టుకతో వచ్చింది. వాళ్ల నాన్న దుకాణాలకి పేర్ల బోర్డులు రాసే పెయింటరు. సుద్ద పూసిన దారం ఒక కొస తమ్ముడు, ఇంకో కొస అక్క బిగించి పట్టుకుంటే ఆయన మధ్యలో లాగి వదిలేవాడు. టప్‌మని రేకు మీద తెల్లగీత పడేది. "కొలవకుండా బ్రష్షు ముంచితే చెయ్యి విరగ్గొడతా," అనేవాడు. చుట్టుపక్కల మిగతా పెయింటర్లు చివరికొచ్చేసరికి చోటు చాలక ఆఖరి అక్షరాలని ఇరికించి, నలిపి, ఒకదాని నెత్తి మీద ఒకటి ఎక్కించేవాళ్లు. ఆ దారిన పోతూ అటువంటి బోర్డు కనిపిస్తే ఆయన నిలబడిపోయి, ఎవరో మనిషిని కొట్టడం చూసినట్టు ముఖం పెట్టేవాడు. ఆ ముఖమే కొడుక్కి వచ్చింది. పెళ్లి సంబంధాల ఊసు ఎవరైనా ఎత్తితే అక్క అడ్డుపడేది: "ముందు అమ్మాయి పేరు ఎక్కడా తెగకుండా కంప్యూటర్లో పడుతుందో లేదో కనుక్కోండి. ఆ తర్వాత వీడు మాట్లాడతాడు."

నిజానికి పేర్లకి ప్రయాణంలో దెబ్బలు తగలడం కంప్యూటర్లతో పుట్టిన జబ్బేమీ కాదు. ఓడరేవుల్లో గుమాస్తాలు, లాడ్జీల్లో రిజిస్టర్లు రాసేవాళ్లు, పటాలు గీసినవాళ్లు, ఎవరి చేతికి అందినంత వాళ్లు కోశారు. సరిహద్దు దాటిన ప్రతి మనిషి పేరూ ఎక్కడో ఒక చోట దీర్ఘమో ఒత్తో సుంకంగా కట్టి వచ్చిందే. ఊళ్ల పేర్లయితే ఇక చెప్పక్కర్లేదు. పటంలో ఉన్న పేరు అడిగితే ఆ ఊరివాళ్లే 'అదెక్కడ' అంటారు. కాకపోతే ఆ గుమాస్తాల మీద కోప్పడటానికి ఒక ముఖమైనా ఉండేది. చాదస్తం సారుకి ఆ భాగ్యం లేదు.

అతని మొదటి యుద్ధం జిప్పు ఫైళ్లతో. ఇక్కడ కట్టిన మూట అవతలివాళ్లు విప్పితే పేర్లన్నీ పిచ్చిగీతలై తేలేవి. రెండోది ఐత్వంతో. పాత మ్యాక్ 'రైలు' అన్న పేరులోని ఐత్వాన్ని ఎత్వం ఒకటి, కింద కొక్కెం ఒకటి అని రెండు ముక్కలు చేసి దాచుకునేది. విండోస్ దాన్నే ఒక్క ముక్కగా రాసేది. కంటికి వెంట్రుకంత తేడా ఉండదు. మెట్ల కింద లినక్స్‌కి ఎవరి రాతైనా ఒకటే, ఇచ్చింది ఇచ్చినట్టు పుచ్చుకుంటుంది. దాంతో ఒకే పేరున్న రెండు రైళ్లు పక్కపక్కన నిలబడి అసలుది నేనంటే నేనని పేచీ పెట్టేవి. మూడోది ప్రశ్నార్థకం. 'తలుపు ఎవరు తీశారు?' అని అధ్యాయానికి పేరు పెడితే మ్యాక్ సరేనంటుంది, విండోస్ ఆ చివరి గుర్తు చూసి గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఒక్కో యుద్ధం గెలవగానే డైరెక్టరమ్మ అదే మాట అనేది. చెడ్డావిడ కాదు, పని జరగాలనే మనిషి. "ఎందుకొచ్చిన గోల సారూ! ఒకటి, రెండు, మూడు అని ఫైళ్లకి అంకెలు తగిలించేస్తే మీ ప్రాణం హాయి, నా ప్రాణం హాయి."

"వినేవాళ్ల ప్రాణం సంగతి, మేడమ్? పెట్టె 'పదిహేడు' అంటే వాళ్లకేం తెలుస్తుంది? మీరు పుస్తకం తెరిస్తే ప్రతి పేజీ నెత్తినా ఉత్త అంకె ఉండి, ఒక్క అధ్యాయానికీ పేరు లేకపోతే ఊరుకుంటారా?"

"నేను పుస్తకాలు చదవను సారూ, ఆఫీసు నడుపుతాను," అని ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఆ యేడు కింది గదికి కొత్త గొంతు వచ్చింది. రైల్వే స్టేషన్లో ముప్పై ఏళ్ల పైన బళ్ల రాకపోకలు మైకులో ప్రకటించి రిటైరైన పెద్దాయన. అందరూ ప్లాట్‌ఫారం మాస్టారు అనేవాళ్లు. బ్రహ్మాండమైన గొంతు, ఆయన "కిటికీ మూసివుంది" అని చదివితే వినేవాళ్లు లేచి కిటికీ చూసుకునేవాళ్లు. ఉచితంగా వచ్చి చదివేవాడు. నోట్లో లవంగం, మెడకి మఫ్లరు, గదిలో దిగగానే ఫ్యాను ఆపించేవాడు. అంతకు ముందున్నవాళ్లు ఫైళ్లకి 'రెండో అధ్యాయం, వాన' అని ఊరుకునేవాళ్లు. ఈయన ఊరుకోలేదు. స్టేషన్లో బండి నంబరు, పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, అన్నీ చెప్పాకే కదా చివర్న ప్లాట్‌ఫారం చెప్పేది. ఆ వరసలోనే ఫైళ్లకీ పేర్లు పెట్టాడు. ముందు పిలుపు, తర్వాత రచయిత, తర్వాత పుస్తకం, తర్వాత భాగం, తర్వాత అధ్యాయం, ఆ తర్వాత అందులో ఏం జరుగుతుందో ఒక వాక్యం. టైపు చేస్తున్నంతసేపూ పైకి ప్రకటించుకుంటూనే చేసేవాడు. వినేవాళ్లకి ఆ పేర్లు మహా నచ్చాయి. అక్క కూడా, "పేరు వింటుంటేనే సంచీ సర్దుకుని బయల్దేరాలనిపిస్తుందిరా," అంది, ఆ పేర్లు ఇంకా ఇంతేసి పొడుగు కాని తొలిరోజుల్లో.

ఇక వంటవాడి సంగతి. మర్నాడు చాదస్తం సారు ఆఫీసుకి పోగానే మెట్ల కింద కూర్చున్నాడు. సర్వరులో ఆ నవల ఫైలు ఒక్కటే ఉంది. కింద మ్యాక్‌లో మొత్తం నవల నిక్షేపంగా ఉంది. తన ప్రోగ్రాం రాసుకున్న చిట్టా తీసి చూశాడు. మొదటి అధ్యాయం: చేరింది. రెండో అధ్యాయం: చేరింది. ఆఖరి దాకా అన్నీ చేరాయి, తప్పు ఒక్కటీ లేదు, పైగా చివర్న 'అన్నీ భద్రం' అని తను పూర్వం ముచ్చటపడి పెట్టిన వాక్యం. ఆ వాక్యం చూస్తుంటే ఒళ్లు మండింది.

పాత శత్రువు మీదే మొదటి అనుమానం పోయింది. ఐత్వాల కోసం మ్యాక్‌లోని పేరంతా గాలించాడు. మొత్తం పేరులో ఒక్క ఐత్వం లేదు. కంటికి కనపడని అక్షరాలేమైనా దూరాయేమోనని దువ్వాడు, లేవు. అవే ఫైళ్లని తన బల్ల మీది విండోస్‌కి పంపాడు. అన్నీ వచ్చాయి, పూర్తి పేర్లతో. సర్వరుకి పంపాడు. వంటవాడొక్కడే వచ్చాడు. తీగ మార్చాడు. సర్వరు ఆపి మళ్లీ లేపాడు. ప్రోగ్రాంలో కొత్తగా రాసిన భాగమంతా వరసబెట్టి చదివాడు. మళ్లీ పంపాడు. 'అన్నీ భద్రం,' అంది ప్రోగ్రాం. మళ్లీ వంటవాడే.

"ఈ వంటవాణ్ణి నేనే చంపేస్తా," అన్నాడు పైకి. అటుగా టీ కప్పు పట్టుకుని పోతున్న డైరెక్టరమ్మ ఆగింది.

"ఇంకా తేల్లేదా సారూ? నాకు పొద్దుట్నుంచి ఫోన్లు. ఒకాయన సముద్రయాత్ర పుస్తకం పెట్టుకున్నాడట. మీట నొక్కేసరికి యాత్రికుడు ఇంటికొచ్చేసి భార్యని మంచినీళ్లు అడుగుతున్నాడట. 'వెళ్లిందెక్కడికమ్మా?' అని ఆయన నన్నడుగుతున్నాడు. నేనేం చెప్పను?"

చాదస్తం సారు తల పైకెత్తాడు. "సముద్రయాత్ర కూడానా? అది మాస్టారు పోయిన నెల చదివింది కదా."

"అదే. చూడండి, నేను ఇన్నాళ్లూ మీ మాట కాదనలేదు. శుక్రవారం దాకా ఆగుతాను. అప్పటికి దీని సంగతి తేలకపోతే సోమవారం నుంచి అన్నిటికీ అంకెలే. పేర్లు రాకపోయినా ఫర్వాలేదు, పుస్తకం రావాలి. అవునా, కాదా?"

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి అక్కకి చెప్పాడు. ఉల్లిపాయ తొక్క ఒలుస్తున్న ఆమె చేతులు ఆగాయి.

"అంకెలే పెడతారా?"

"తేలకపోతే."

"పెట్టనీ. నేను వినడం మానేస్తా. ఇందులో ఏముందో చెప్పి అప్పుడు తలుపు తీసేది ఇదొక్కటే మిగిలింది నాకు. మిగతా అన్నిటికీ ఎవరినో ఒకర్ని అడుగుతూనే ఉన్నాగా, ఇదేం కూర, ఇదేం చీర అని. దానికి కూడా నిన్ను కేకెయ్యాలంటే, వద్దులే."

ఆమె దెబ్బలాడి ఉంటే బాగుండేది. మామూలు గొంతుతో అనేసరికి అతనికి ఏం చెయ్యాలో తోచక, తన గదిలోకి పోయి ఒక పుస్తకం తెరిచి, ఒక్క వాక్యం చదవకుండా మూసేశాడు.

బుధవారం గడిచింది. గురువారం గడుస్తోంది. ఇక మిగిలిన దారి ఒక్కటే అనిపించింది: మాస్టారి పేర్లతోనే ఏదో తంటా ఉంది కాబట్టి ఆయన్నే పొట్టిపేర్లు పెట్టమనడం. ఎందుకో తెలియకుండా మందు వెయ్యడం అతనికి చచ్చేంత నామోషీ. అయినా మెట్లు దిగాడు.

మాస్టారు విన్నాడు. లవంగం ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చాడు.

"పొట్టిగా అంటే?"

"ఉత్త అధ్యాయం పేరు చాలండీ. రచయిత, నవల, భాగం, ఇవన్నీ అక్కర్లేదు."

"అంటే ప్లాట్‌ఫారం ఒక్కటీ చెప్పి ఊరుకోమంటారు. ఏమండీ సారూ, ఏ బండో చెప్పకుండా 'మూడో ప్లాట్‌ఫారం' అన్నామనుకోండి, ఏమవుతుంది? జనం మొత్తం మూడో ప్లాట్‌ఫారం మీదకి పరిగెడతారు. తొక్కిసలాట. ఒకావిడ చెప్పు తెగుతుంది. నేను చూశాను."

"ఇది స్టేషన్ కాదు మాస్టారూ!"

"కాదు కనుకనే ఫ్యాను ఆపించాను. మీరు అరవకండి, పరుపులు పీల్చేస్తాయి, మీ గొంతే పోతుంది."

చాదస్తం సారు కుర్చీలో కూలబడ్డాడు. "మీకు చెప్పలేను. మూడు రోజులుగా చూస్తున్నా. మీ ప్రకటన ఇక్కడ బాగానే ఉంది, నా బల్ల మీద బాగానే ఉంది, మెట్ల కిందకి పోయేసరికి మాయం."

"మాయమంటే? ఎక్కడిదాకా వినిపించింది?"

"అంటే?"

"మైకు పోయినప్పుడు మేము మొదట అడిగేది అదేనండీ. పోర్టర్ని పరిగెత్తించి, జనానికి ఎక్కడిదాకా వినిపించిందో కనుక్కురమ్మంటాం. అక్కడి నుంచి అందుకుంటాం. మీ మెట్ల కిందవాడు ఎక్కడిదాకా విన్నాడు?"

సోమవారం అక్క అన్న మాట అప్పుడొచ్చి చాదస్తం సారు చెవిలో వాలింది: 'గడియారం నందు అంటుంది, ఆగుతుంది.' తెర మీద గడి సన్నం కావడంతో అన్ని పేర్లూ సగంలో మూడు చుక్కలతోనే కనిపిస్తాయి. అందుకని అతను సర్వరుకి చేరిన పేరుని చివరి దాకా చూడనే లేదు. మెట్లు రెండేసి ఎక్కుతూ పోయి, గడి వెడల్పు చేసి చూశాడు. సర్వరులో మిగిలిన ఆ ఒక్క ఫైలు పేరు ఇలా ఉంది:

'వినండి సుప్రసిద్ధ రచయిత గారు రచించిన మూడు భాగముల అపరాధ పరిశోధక నవల వెనక గదిలో గడియారం నందు'

అంతే. భాగమూ లేదు, అధ్యాయమూ లేదు, వంటవాడూ లేడు.

కాగితం తీసుకుని లెక్క వేశాడు. ఫైలు పేరుకి మూడు చోట్లా హద్దు ఇన్నూట యాభై అయిదే. అయితే విండోస్, ఆ పాత మ్యాక్ లెక్కించేది గుర్తుల్ని: అక్షరం ఒకటి, గుడి ఒకటి, ఒత్తు కోసం పొల్లు ఒకటి. లినక్స్ లెక్కించేది బైట్లని. ఫైలు పేరు బస్సనుకుంటే, బైటు ఒక సీటు. ఇంగ్లీషు అక్షరం ఒక్క సీటులో ఒదిగి కూర్చుంటుంది. మన గుర్తు ప్రతిదానికీ మూడు సీట్లు కావాలి. 'స్త్రీ' అని రాస్తే చూడటానికి ఒక్క అక్షరం. లోపల ఆరు గుర్తులు, పద్దెనిమిది సీట్లు. ఇంగ్లీషువాళ్లు ఊరంతా ఎక్కినా ఖాళీ మిగిలే బస్సు, సుప్రసిద్ధ రచయిత గారు ఎక్కి కూర్చునేసరికే పావు వంతు నిండిపోతుంది. ఆ బస్సు కట్టినవాడి మీద కోపం వచ్చింది. ఒక్కడికైనా తోచలేదా, ఇంకో లిపిలో కూడా మనుషులు పేర్లు పెట్టుకుంటారని?

కోపం అక్కడితో ఆగితే సుఖంగా ఉండేది. కానీ హద్దు మీరిన పేరు వస్తే లినక్స్ ఊరికే కొయ్యదు. కుదరదని ముఖం మీదే చెబుతుంది. మరి కోసిందెవరు?

తన ప్రోగ్రాం పాత భాగం తెరిచాడు. కొత్తదే చదివాడు గాని, బాగానే నడుస్తోంది కదా అని దీని జోలికి పోలేదు. ఉంది. మూడేళ్ల కిందట ఒక న్యాయశాస్త్ర పుస్తకం పేరు మరీ పొడుగై సర్వరు మొరాయిస్తే, ఒక వాక్యం రాశాడు: పేరు పట్టకపోతే తోక కత్తిరించు. కత్తిరించడంలో కూడా ఎంత చాదస్తం! అక్షరం సగంలో తెగకూడదని, తెగిన మాట వేలాడకూడదని, సరిగ్గా పదం చివర శుభ్రంగా కోసేలా రాశాడు. ఆ పుస్తకం ఒకే ఫైలు కనుక గొడవ రాలేదు. ఇప్పుడు మాస్టారి నవలలో ప్రతి అధ్యాయానికీ తల ఒకటే, తేడా అంతా తోకలో. తోకలు పోయాక అన్నిటికీ ఒకటే పేరు. మొదటి అధ్యాయం వచ్చి కూర్చుంది. రెండోది అదే పేరుతో వచ్చి దాని మీద కూర్చుంది. మూడోది దాని మీద. ఆఖరికి వంటవాడు అందరి మీదా కూర్చున్నాడు. ప్రోగ్రాం అబద్ధమేమీ ఆడలేదు. చేరినవి చేరాయనే చెప్పింది. చేరాక ఏమయ్యాయో దాన్నెవరూ అడగలేదు.

అతను కాసేపు రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకటి తోచి చేతులు దిగిపోయాయి. మ్యాక్‌లో చోటు తక్కువ. 'అన్నీ భద్రం' అని వచ్చాక నెలకోసారి అక్కడి ఫైళ్లు చెరిపెయ్యడం వాళ్ల పద్ధతి. నవల ఇంకా ఉంది. సముద్రయాత్ర లేదు.

మళ్లీ మెట్లు దిగాడు, ఈసారి ఒక్కొక్కటే.

"మాస్టారూ, మీ సముద్రయాత్ర పోయిందండీ. ఆఖరి అధ్యాయం తప్ప. తప్పు మీ పేర్లది కాదు. నా కత్తెరది."

మాస్టారు మఫ్లరు విప్పి, మడిచి, ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ పుస్తకానికి ఆయన దగ్గుతో, ఆవిరి పట్టుకుంటూ, రోజూ కాస్త చొప్పున రెండు నెలలు కూర్చున్నాడు. తుపాను అధ్యాయం చదివిన రోజు తలుపు బయట ఆఫీసంతా నిలబడి విన్నారు.

"తుపాను కూడానా?"

"తుపాను కూడా."

"బాగా వచ్చింది, అది," అన్నాడాయన. "సరే. బండి రద్దయితే ఏం చేస్తాం, మళ్లీ ప్రకటిస్తాం. కానీ ఆ రోజు జలుబు చేసి గొంతు బొంగురుగా ఉందండీ, అందుకే తుపాను అంత బాగా కుదిరింది. ఇప్పుడా జలుబు ఎక్కణ్ణుంచి తేను?"

నవ్వాలో ఏడవాలో తెలియక చాదస్తం సారు తలూపాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఒకే ఊపిరిలో అక్కకి అంతా చెప్పాడు. బస్సు, సీట్లు, కత్తెర, తుపాను. "కారణం దొరికింది. దొరికి ఏం లాభం? ఆయన పొట్టిగా పెట్టనంటాడు, ఆ పేర్లు అందులో పట్టవు, కొయ్యకుండా ఉంటే సర్వరు తీసుకోదు. రేపు శుక్రవారం. వెళ్లి అంకెలు పెట్టుకోండమ్మా అని చెప్పేస్తా."

"నువ్వు కోశావా?" అంది అక్క. మిగతాదేదీ ఆమెకి పట్టినట్టు లేదు. "పేరు కోశావా, నువ్వు?"

"పట్టకపోతే ఏం చెయ్యమంటావే!"

"నాన్న ఒక్క పేరైనా కోశాడట్రా? ఆ కుట్టుమిషన్ల దుకాణంవాడి బోర్డు గుర్తులేదూ? తాత పేరు, తండ్రి పేరు, కొడుకులు, వాళ్ల వ్యాపారం, అన్నీ కావాలన్నాడు. రేకు చూస్తే తువ్వాలంత. నువ్వూ నేనూ దారం పట్టుకుని చేతులు నొప్పులని ఏడుస్తున్నాం. ఏం చేశాడు?"

"లైను మార్చాడు," అన్నాడు అతను, అలవాటుగా.

"మూడు లైన్లు కొట్టాడు. తాత పైన, కొడుకులు మధ్యలో, మిషన్లు కింద."

అతను నేల మీద ఏదో పడిపోయినట్టు చూస్తున్నాడు. హద్దు ఉన్నది ఒక్కో పేరుకి. ఫోల్డరు పేరుకి దాని హద్దు దానికుంది, దాని లోపలి ఫోల్డరుకి మళ్లీ కొత్తగా అంతే. ఫోల్డర్లోకి అడుగుపెడితే దాని పేరు కూడా పెట్టె చదువుతుంది. ఒక కార్డుకి ఒక పుస్తకమే కదా అని ఇన్నేళ్లూ అన్నిటినీ కట్టగట్టి ఒకే చోట పోశారు గాని, లోపల గదులు కట్టాలని ఎవరికీ తోచలేదు. రచయితా నవలా మొదటి లైను. భాగం రెండో లైను. అధ్యాయమూ, అందులో జరిగేదీ మూడో లైను. మాస్టారు టైపు చేస్తూ ఊపిరి తీసుకునేది కూడా సరిగ్గా ఆ రెండు చోట్లే.

"ఏరా, ఉన్నావా?"

"ఉన్నా," అన్నాడు. "ఉన్నానక్కా."

శుక్రవారం మధ్యాహ్నానికి కత్తెర వాక్యం తీసి పారేశాడు. దాని చోట, ఒకే పేరుతో రెండోది వస్తే ఆగి కేకేసేలా ఇంకోటి రాశాడు. 'అన్నీ భద్రం' అన్న ముక్క కూడా పీకేశాడు. అధ్యాయాలు వరస తప్పకుండా ప్రతి పేరు ముందూ ఒక చిన్న అంకె తగిలించాడు. అది డైరెక్టరమ్మ వాటా. ఆవిడ పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని, గడియారం నవలలో నాలుగైదు పేర్లు విని, "ముందు అంకె, వెనక పేరు. ఇది మొదటి రోజే చేసుంటే పోయేదిగా సారూ," అంది. అతను పళ్లు బిగించి, "అవును మేడమ్," అన్నాడు. మాస్టారికి మూడు ఖాళీలు చూపించి ఇక్కడ బండి, ఇక్కడ దారి, ఇక్కడ ప్లాట్‌ఫారం అంటే ఆయన చాలాసేపు తనిఖీ చేసి, "బళ్లు పక్కన నిలపడానికి సైడింగు లైన్లు వేశారన్నమాట," అని ఒప్పుకున్నాడు. సముద్రయాత్ర మళ్లీ మొదలైంది. తుపాను మాత్రం అంత బాగా రాలేదు.

వంటవాడి నవల ఇక అక్కకి పనికిరాదు. అందుకని మాస్టారు అప్పుడే ముగించిన ఇంకో అపరాధ పరిశోధక నవల, కొత్త పద్ధతిలో మొదటి కార్డు, చాదస్తం సారు స్వయంగా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పెట్టెలో దూర్చింది. రచయితనీ, నవలనీ పెట్టె పూర్తిగా పలికింది. మొదటి భాగము, అంది. అక్క ముఖం విచ్చుకుంది. అతను వంటింట్లోకి పోయి టీకి నీళ్లు పెట్టాడు. వెనక నుంచి పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి: ఇందులో ఉత్తరము చినుగును, ఇందులో కుక్క మొరగకుండుట గమనింపబడును. వారం రోజుల తర్వాత మొదటిసారి అతని భుజాలు కాస్త కిందికి దిగాయి.

"తమ్ముడూ!"

ఆ కేక విని చెంచా జారిపోయింది. "ఏమైంది? మళ్లీ ఆగిందా?"

"ఆగలేదు. ఆగినా బాగుండేది. ఇలా వచ్చి విను."

మీట నొక్కింది. పెట్టె ఏ తొట్రుపాటూ లేకుండా, ఒక్క ఒత్తు మింగకుండా ప్రకటించింది: "ఇరవయ్యవ అధ్యాయము. ఇందులో హంతకురాలు పెద్దత్తయ్యయే అని రుజువగును."

వంటింట్లో నీళ్లు మరుగుతున్నాయి.

"పేరు పూర్తిగానే వచ్చింది కదక్కా," అన్నాడు తమ్ముడు.

"వచ్చిందిరా. చాలా పూర్తిగా వచ్చింది," అంది అక్క, చెయ్యి చాపుతూ. "ఆ ప్లాట్‌ఫారం మనిషికి ఫోను కలిపి ఇటివ్వు. నేను మాట్లాడతా."